ఉతకరాని జెండా

పింగళా నది మీద తెల్లవారింది. తూర్పు కొండల అంచున బంగారు రేకు విచ్చుకుంది. శోణగిరి సైన్యపు గుడారాలు ఏటి ఒడ్డు పొడవునా తామర మొగ్గల బారులా మెరిశాయి. ఏనుగుల ఘీంకారాలు, గుర్రాల సకిలింపులు, నగారాల మోత. ప్రతి పటాలం ముందూ రెండేసి జెండాలు లేచాయి. ఒకటి రాచజెండా. ఎర్రపట్టు మీద బంగారు సూర్యుడు, అన్ని పటాలాలకూ అదే. రెండోది దళజెండా. సిపాయిల చొక్కా చేతుల మడతలు ఏ రంగైతే ఆ జెండా కూడా ఆ రంగే, నడుమ మాత్రం అదే బంగారు సూర్యుడు. పసుపు మడతల వాళ్ళకు పసుపు పట్టు, నీలి మడతల వాళ్ళకు నీలి పట్టు. మనిషి నిలువును మించిన గుడ్డలు, అంచులకు వెండి కుచ్చులు. ఉదయపు గాలికి అవి ఒక్కసారిగా రెపరెపలాడితే చూడటానికి రెండు కళ్ళు చాలవు.

వర్ణన ఇక్కడితో ఆపుతాను. గాలి ఇటు తిరిగింది.

ఆకుపచ్చ మడతల పటాలం దళజెండా ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదని పెద్దవాళ్ళు చెబుతారు. ఇప్పుడు దానికి రంగంటూ లేదు. మసిగుడ్డకైనా ఒక రంగుంటుంది, దీనికి అదీ లేదు. దాన్ని మోస్తూ పడిపోయిన వీరుల నెత్తురు పవిత్రమట, కాబట్టి ఉతకరాదు. ఆయుధపూజకు కోసిన కోళ్ళ రక్తం పవిత్రమట, కాబట్టి తుడవరాదు. ఏటేటా పూసే నెయ్యి పవిత్రమట, అది ముక్కిపోయి పురుగు పట్టినా గీకరాదు. ఆ పురుగులకు కూడా ‘వీరపురుగులు’ అని పేరు పెట్టుకుంది ఆ పటాలం. ఛీ! మిగిలిన పటాలాల వాళ్ళు దీన్ని చూసి అసహ్యించుకున్నారా అంటే, అదీ లేదు. వాళ్ళు కూడా ఈమధ్య తమ జెండాలకు రహస్యంగా నూనె పూసి బూడిద చల్లుకుంటున్నారని వినికిడి.

తుపాకుల పొగలో దారీ తెన్నూ కనబడదు. తన జెండా ఏదో సిపాయికి ముందే బాగా తెలిసి ఉండాలి. అందుకని ఉదయాన్నే జెండాను బారుల మధ్య మెల్లగా తిప్పి అందరికీ చూపించడం ప్రతి పటాలంలోనూ ఉన్న ఆచారం. దానికి ‘జెండా పలకరింపు’ అని పేరు. మంచి ఆచారమే. కానీ రంగే లేని జెండాను ఏమని చూస్తారు? అందుచేత ఆకుపచ్చ మడతల వాళ్ళు చూడటం మానేసి వాసన చూడటం మొదలుపెట్టారు. పలకరింపు దరువు డోలు మీద పడగానే పటాలమంతా కళ్ళు మూసుకొని మెడలు ముందుకు చాచేది. జెండా దగ్గరకు రాగానే ఒక్కొక్కడూ ఆ కంపును గుండెల నిండా పీల్చి, అమ్మ చేతి వంట తిన్నంత తృప్తిగా నిట్టూర్చేవాడు. ఆ సమయంలో అందరి నోళ్ళకూ తెల్లగుడ్డ కట్టి ఉండేది. అంత కంపు పీల్చేవాడికి గుడ్డ కావలసింది ముక్కుకు కదా! నోటికి ఎందుకో ఎవరూ అడగలేదు. దళపతి ఆజ్ఞ, అంతే.

ఆ ఉదయం జెండా కర్రను నడుముకు కట్టిన తోలు ఒరలో నిలబెట్టి మోస్తున్న యువకుడి పేరు పటాలం దృష్టిలో మకరందుడు. ఎక్కడో ఒక సామంతుడి కొడుకు. నిజానికి అతడు కల్హారపురం చిన్న రాజకుమారుడు ఉదయార్కుడు. అతడి అన్న హేమాంగదుడు ఆరు నెలల క్రితం శోణగిరికి అతిథిగా వచ్చాడు. కవాతు చూసి మురిసిపోయి, ఈ జెండా మోసే గౌరవం తనకూ కావాలన్నాడు. ఇచ్చారు. మొదటి యుద్ధంలోనే, ఒంటి మీద చిన్న గీతైనా లేకుండా, నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోయాడు. అప్పటి నుంచి అతడి శరీరం ఆ ఒడ్డుకు వెనుకనున్న ఎర్రగుట్ట గుహలో, ఒక సిద్ధుడి చాప మీద పడి ఉంది. ఊపిరి ఉంది. నీడ లేదు. దీపం ఎటు పెట్టినా ఆ శరీరానికి నీడ పడదు.

“నీ అన్న చావలేదు నాయనా,” అన్నాడు సిద్ధుడు ఉదయార్కుడితో. “వాడి నీడను ఆ పటాలం దళపతి ధూమ్రకర్ణుడు ఆ గుడ్డలోకి లాగేశాడు. ఆ జెండా మోసినవాళ్ళందరి నీడలూ అందులోనే ఉన్నాయి. వాటిని తిని బతుకుతున్నాడు ఆ మాంత్రికుడు. పారే నీళ్ళలో జెండాను ఉతుకు. నీడలు ఊడి వస్తాయి. కానీ నీడ ఒంటరిగా నడవలేదు, బతికున్నవాడి పాదం పట్టుకొని నడవాలి. పొద్దు నడినెత్తికి ఎక్కేలోగా నీ అన్న నీడను ఇక్కడికి చేర్చు. ఆలస్యమైతే ఎండలో కరిగిపోతుంది. ఆ తరువాత ఈ ఊపిరి కూడా ఉండదు.”

ఇదీ ఉదయార్కుడి పని. రాజ్యాల కోసం కాదు, రాకుమార్తె కోసం కాదు. ఒక మురికిగుడ్డ ఉతకడం! రాత్రింబగళ్ళు బల్లేల కాపలా ఉండే జెండాను ఎవడూ చూడకుండా ఏటి దాకా మోసుకుపోవడం ఎవరి తరమూ కాదు. కానీ ఈ రోజు సైన్యం ఏరు దాటి, ఆవలి ఒడ్డున మోహరించిన నీలధార సేన మీద పడబోతోంది. జెండాయే తనంతట తాను ఏటికి వెళుతోంది.

పలకరింపు దరువు మోగింది. అందరికంటే ముందు వాసన చూడవలసినవాడు జెండా మోసేవాడే. ఉదయార్కుడు జెండా మడతను ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. కుళ్ళిన నెయ్యి, ఎండిన నెత్తురు, చచ్చిన ఎలుక, ఇంకా పేరు లేనిదేదో, అన్నీ కలిసి ముక్కుపుటాల్లో దూరాయి. ఒక వీరపురుగు మీసం మీద పడింది. కడుపులో దేవి, నోటికి కట్టిన గుడ్డ కింద డోకు గొంతు దాకా వచ్చింది.

పక్కనే జెండా కాపలా పెద్ద దండయ్య బల్లెం కొనను అతడి మెడ మీద ఆనించాడు. తెల్లని గలమీసాలు, పొడుగాటి మనిషి. జెండా కింద తల నెరిసినవాడు.

“మింగేయండి చిన్నదొరా,” అన్నాడు మెల్లగా. “జెండా మీద చుక్క ఉమ్మి పడ్డా తల ఉండదు. ఆజ్ఞ. మీరు సామంతుల బిడ్డయినా సరే, నాకు జెండా తరువాతే ఎవరైనా.”

ఉదయార్కుడు మింగాడు. అది ఎలాంటి గుటకో నేను వర్ణించను.

“ఎన్నేళ్ళయింది దండయ్యా, నువ్వు దీని వాసన చూడబట్టి?”

“లెక్కెవరికి తెలుసు దొరా! మా అబ్బాయి సింగన్న పుట్టక ముందు నుంచీ. వాడూ దీని కిందే పోయాడు. అతిథిగా వచ్చిన దొరబిడ్డ కూలిపోతే జెండా నేల తాకకుండా పట్టుకొని, వాడూ కూలిపోయాడు. చెయ్యి చాపి అందుకున్నాడు చూడండి, ఆహా! నేను పక్కనే ఉన్నాను.” ముసలివాడు గర్వంగా జెండా మడతను ముక్కుకు ఆనించుకొని పీల్చాడు. “ఇందులో వాడి వాసన కూడా ఉంది.”

ఉదయార్కుడికి ఈసారి వచ్చిన వికారం గుడ్డ వల్ల కాదు.

ఇంతలో గుర్రం మీద దళపతి ధూమ్రకర్ణుడు వచ్చాడు. మెడ నిండా మిడిగుడ్ల తాయెత్తులు, రెండు చెవుల్లోంచీ సన్నగా లేస్తున్న పొగ. ముడతలు పడిన చర్మం కింద యవ్వనం దొంగతనంగా దాక్కున్నట్టు ఉంటుంది ఆ ముఖం. గుర్రం కూడా అతడి వైపు తల తిప్పడానికి ఇష్టపడదు.

“ఆకుపచ్చ మడతల వీరులారా! ఈ కంపు మన కీర్తి!” అని అరిచాడు. “ఆవలి ఒడ్డున ఉన్న నీలధార వాళ్ళ జెండాలు చూడండి, తళతళా మెరుస్తున్నాయి! శుభ్రంగా ఉన్న జెండా పిరికివాడిది. శుభ్రంగా ఉన్న జెండా శత్రువుది. కనబడితే కాల్చండి!”

పటాలం జేజేలు కొట్టింది. ధూమ్రకర్ణుడు వంగి ఉదయార్కుడి భుజం తట్టి, “బాగా బలిష్ఠంగా ఉన్నావోయ్, మకరందా,” అన్నాడు. మేకను కొనేవాడు అలాగే తడుముతాడు.

సైన్యం కదిలింది. ఉదయార్కుడి వెనుకనే పెద్ద డోలు మెడకు తగిలించుకొని మేఘన్న అనే డోలు సిపాయి నడుస్తున్నాడు. మేఘన్న అసలు పేరు మేఘలేఖ, కల్హారపురం చిత్రకారుడి కూతురు. యుద్ధభూమి నుంచి హేమాంగదుడిని భుజాన వేసుకొని గుహకు చేర్చింది ఆమెయే. ఆమె డోలు ఈ రోజు మామూలు కంటే బరువుగా ఉంది. లోపల కుంకుడుకాయలూ చౌడూ ఉన్నాయి మరి.

“యువరాజా,” అంది గొంతు తగ్గించి. “ఎన్నడైనా గుడ్డ ఉతికారా?”

“అదెంత పని మేఘా! నీళ్ళలో ముంచి తియ్యడమేగా?”

“అయ్యో రామా! ముంచి తీస్తే మురికి ముచ్చటపడి ఇంకా గట్టిగా అంటుకుంటుంది. నానబెట్టాలి, చౌడు పట్టించాలి, బండకేసి బాదాలి. మీ చేతులు చూస్తే నాకు నమ్మకం కలగడం లేదు.”

“గద పట్టిన చేతులివి.”

“బాదడం వరకూ పనికొస్తాయిలెండి.”

దండయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.

పటాలం నీళ్ళలోకి దిగింది. మోకాలి లోతు, నడుము లోతు, రొమ్ము లోతు. ఆవలి ఒడ్డున నీలధార ఫిరంగులు గర్జించాయి. ఏటి మీద పొగ కమ్ముకుంది. పక్కన ఎవరున్నారో కనబడటం లేదు. సిపాయిలందరూ ముక్కులు పైకెత్తి కంపు ఎటుంటే అటు నడుస్తున్నారు. ఏటి నడిమికి రాగానే మేఘలేఖ ‘వెనక్కి తిరుగు’ దరువు వాయించింది. ముందు బారు వెనక్కి తిరిగింది, వెనుక బారు ముందుకు వచ్చింది, తలలూ తుపాకులూ ఢీకొన్నాయి. ఒక ఫిరంగి గుండు పక్కనే పడి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. ఇంతకంటే మంచి అదను దొరకదు. ఉదయార్కుడు “అమ్మో!” అని కేకపెట్టి, జెండాతో సహా వెల్లకిలా పడ్డాడు.

“జెండా! జెండా మునిగింది!” దండయ్య కేక ఫిరంగి మోతను మించింది.

ప్రవాహం ఉదయార్కుడిని గడ్డిపరకలా ఈడ్చుకుపోయింది. ఒక చేత జెండా, ఇంకో చేత తేలుతున్న డోలు, ఆ డోలుకు అటువైపు మేఘలేఖ. సుడిగుండం తిప్పింది, బండ తగిలింది, మునిగారు, తేలారు. అంతలో ఎదురుగా దూలమంత మొసలి నోరు తెరుచుకొని వచ్చింది. ఉదయార్కుడు కత్తి దూయబోయాడు, చెయ్యి ఖాళీ లేదు. మొసలి దగ్గరకు వచ్చింది. ఇంకా దగ్గరకు వచ్చింది. జెండా మడత దాని మూతికి తగిలింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి. నోరు టపుక్కున మూసుకొని, వచ్చిన దానికంటే రెట్టింపు వేగంతో పారిపోయింది. కుళ్ళిన శవాలు తినే జంతువుకు పాపం అంతటి రోత పుట్టింది. శోణగిరి మనుషులకు పుట్టలేదు!

ఏటి మలుపులో, ఈవలి ఒడ్డుకు దగ్గరగా, నల్లని చదును బండ ఒకటి ఉంది. దాని మీదికి పాకారు. పొద్దు అప్పటికే బాగా పైకెక్కింది.

“ముందు డోలు,” అని మేఘలేఖ నానిన డోలు తోలును కాలుతున్న బండ మీద ఎండకు పెట్టింది. “ఇది మూగబోతే మన పని ఖాళీ.” తరువాత ఇద్దరూ నోటి గుడ్డలు లాగేసి పనిలో పడ్డారు.

చదువరులలో సుకుమారులు ఎవరైనా ఉంటే కాసేపు పక్కకు తప్పుకోండి. జెండాను నీళ్ళలో పిండితే మొదట నల్లని జిగురు వచ్చింది. తరువాత పచ్చని చీము లాంటిది వచ్చింది. తరువాత వెంట్రుకలు, ఈకలు, ఒక పన్ను. వీరపురుగులు గుప్పెళ్ళకొద్దీ ఊడి నీళ్ళలో పడితే, వాటిని తిన్న చేపలు వెల్లకిలా తేలాయి. ఉదయార్కుడు చౌడు పట్టించాడు, కుంకుడు నురగ పట్టించాడు, బండకేసి బాదాడు. బాదిన ప్రతిసారీ అన్న ముఖం గుర్తుకు వచ్చింది. ఇంకా గట్టిగా బాదాడు.

“గద పట్టిన చేతులే,” అని ఒప్పుకుంది మేఘలేఖ.

మురికి పొర విడిచేసరికి, దాని కింద పట్టు కనబడింది. లేత అరటాకు రంగు. దాని వెంట ఒక నీడ గుడ్డలోంచి జారి బండ మీద పడింది. ఆ వెనుక మరొకటి. మనుషులు లేని మనిషి నీడలు! కొన్ని కిరీటపు తలలవి, కొన్ని తలపాగాలవి. చల్లని నల్లని చేతులతో అవి బండ మీద తడుముకున్నాయి. పట్టుకోవడానికి ఏ పాదమూ వాటిది కాదు. వాటి శరీరాలు ఎప్పుడో కాలి బూడిదయ్యాయి. ఎండ తగిలి ఒక్కొక్కటే పలచబడి, ఆవిరైపోయాయి. మేఘలేఖ కళ్ళు తుడుచుకుంది.

హేమాంగదుడి నీడ మాత్రం రాలేదు.

“దొంగ వెధవా!”

బండ వెనుక నుంచి నీళ్ళు కారుతూ దండయ్య లేచాడు. బల్లెం ఎత్తి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “జెండా! నా జెండా! ఏం చేశావురా దాన్ని! మా వీరుల నెత్తురంతా ఏట్లో కలిపావు కదరా!” ముసలివాడు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే ఉదయార్కుడి గుండెకు గురిపెట్టి బల్లేన్ని వెనక్కి లాగాడు.

అప్పుడే ఉదయార్కుడి చేతిలోని గుడ్డ అంచు నుంచి మరొక నీడ జారింది. అది తడుముకోలేదు. తిన్నగా పాక్కుంటూ పోయి దండయ్య కుడి పాదం పట్టుకుంది. దండయ్య కిందికి చూశాడు. పాదం మీదున్న ఆ నీడచేతికి చూపుడువేలు లేదు.

బల్లెం జారి బండ మీద పడింది.

“చిన్నప్పుడు చెరకుగానుగలో పెట్టాడు వేలు,” అన్నాడు దండయ్య, ఎవరితోనో చెబుతున్నట్టు. “వద్దురా అంటే విన్నాడు కాదు. సింగా... ఒరే సింగా!” కూలబడి ఆ నీడను రెండు చేతులా ఎత్తుకోబోయాడు. చేతులకు ఏమీ అందలేదు. “ఇందులో పెట్టి ఉంచారా నిన్ను? రోజూ నిన్నే పీల్చానట్రా నేను? నా కొడుకును నేనే...” పక్కకు ఒరిగి భళ్ళున కక్కుకున్నాడు. అన్నేళ్ళుగా రాని వాంతి ఒక్కసారిగా వచ్చింది.

ఉదయార్కుడు అతడి భుజం మీద చెయ్యి వేశాడు. అంతకుమించి చెయ్యడానికి తీరిక లేదు. బండ మీద అతడి సొంత నీడ పొట్టిదైపోతోంది.

“యువరాజా! ఇటు చూడండి,” అని మేఘలేఖ గుడ్డ నడిమి భాగాన్ని పరిచింది. అక్కడ బంగారు సూర్యుడు ఉండాలి. సూర్యుడి మీద, మందంగా, నల్లరంగుతో దుమ్ములగొండి తల ఒకటి వేసి ఉంది. అది ధూమ్రకర్ణుడి ఇంటి గుర్తు. దళపతులెవరూ తమ ఇంటి గుర్తులు జెండాల మీద వేసుకోరాదని ఆ రాజ్యంలో రాజాజ్ఞ ఉంది. వీడు వేసుకున్నాడు. వేసుకొని, అది కనబడకుండా ఏళ్ళతరబడి మురికి పూజ చేయించాడు. ఆ మురికి కోసం ఎంతమంది చచ్చారో వాడికే తెలియాలి. దుమ్ములగొండి నోటి దగ్గర రంగు కింద ఏదో కదులుతోంది. రంగును లోపల నుంచి ఎవరో వేళ్ళతో నెడుతున్నట్టు.

“అన్నా!” అన్నాడు ఉదయార్కుడు. రంగు ఇంకా గట్టిగా ఉబ్బింది.

చౌడుతో రుద్దాడు. పోలేదు. కుంకుడు నురగతో, గులకరాయితో, కత్తి మొనతో గీకాడు. పోలేదు. “ఇది మామూలు రంగు కాదు,” అంది మేఘలేఖ వాసన చూసి, ముఖం ముడుచుకొని. “శవాల కొవ్వులో మంత్రించి కాచిన రంగు. నీళ్ళకు లొంగదు. దీనికి విరుగుడేమిటో నాకు తెలియదు.”

అంతలో ఒడ్డున డోళ్ళు మోగాయి. ఏట్లో జెండా పోగొట్టుకున్న ఆకుపచ్చ మడతల పటాలం వెనక్కి మళ్ళి, ఒడ్డు వెంబడి ఇటే వస్తోంది. ముందు ధూమ్రకర్ణుడు. అతడి చేతిలోని బల్లేనికి ఒక గుడ్డ వేలాడుతోంది. జెండా కాదు, గుర్రం వీపు మీది పాత గొంగళి! దాన్ని దేనిలో ముంచాడో, దేనితో పులిమాడో గాని, ఆ కంపు ఏటి మీదుగా బండ దాకా వచ్చింది. పటాలమంతా ఆ గొంగళి వెనుక ముక్కులెత్తి, రొమ్ములు విరుచుకొని నడుస్తోంది. కొందరు దానికి వందనం చేస్తున్నారు. జెండా పోయి గొంగళి వచ్చిందని ఒక్కడికీ తట్టలేదు. కంపు ఉంది కదా, అది చాలు.

“అదిగో శుభ్రమైన జెండా! శత్రువు!” అని ధూమ్రకర్ణుడు బండ వైపు చూపించాడు.

తుపాకులు లేచాయి. గుళ్ళు బండకు తగిలి రాళ్ళు ఎగిరాయి. ఉదయార్కుడు గుడ్డను కప్పుకొని బోర్లా పడుకున్నాడు. వేళ్ళ కింద అన్న చేతులు రంగును నెడుతున్నాయి. పొద్దు నడినెత్తికి ఎక్కుతోంది. బుర్ర చురుగ్గా తిరిగింది. నోటికి గుడ్డ. ముక్కుకు కాదు, నోటికే గుడ్డ! చుక్క ఉమ్మి పడ్డా తల తీసే ఆజ్ఞ! రక్తం పడవచ్చు, చీము పడవచ్చు, పురుగు పడవచ్చు. ఉమ్మి మాత్రం పడరాదు. ఎందుకు?

“ఎంగిలి!” అని అరిచాడు. “మేఘా, ఎంగిలి తగిలితే మంత్రం చెడుతుంది!”

“అయితే ఉమ్మండి!”

ఉమ్మాడు. భయానికీ ఎండకీ నోరు ఎండిపోయి ఉంది, నాలుగు తుంపర్లు పడ్డాయంతే. అవి పడిన చోట రంగు చుర్రుమని పొంగి, అంతలోనే ఆరిపోయింది. చాలదు. ఉదయార్కుడు కళ్ళు మూసుకున్నాడు. ఉదయం వాసనకే కడుపు తిరిగిన రాజకుమారుడు, వెండి గిన్నెలో పాలు తాగి పెరిగినవాడు, ఆ శవాల కొవ్వు రంగును నోట్లో పెట్టుకొని నమిలాడు. నాలుక మీద అది కరిగింది. దాని రుచి నేను చెప్పను, మీరు అడగకండి. డోకు వచ్చినా ఆపకుండా నమిలాడు, పళ్ళతో గీకాడు, తుపుక్కున ఉమ్మి మళ్ళీ నమిలాడు. దుమ్ములగొండి చెవి పోయింది. కన్ను పోయింది. నోరు పోయింది.

దాని కింద బంగారు సూర్యుడు మెరిశాడు. ఆ సూర్యుడిలోంచి పొడుగాటి నీడ ఒకటి బయటికి దూకి ఉదయార్కుడి పాదం పట్టుకుంది.

ఒడ్డున ధూమ్రకర్ణుడు పెట్టిన కేకకు గుర్రాలు బెదిరాయి. చెవుల్లో పొగ ఆగిపోయింది. గాలి తీసిన తిత్తిలా శరీరం ముడుచుకొని, కవచం లోపల గుప్పెడు ఎముకలై గుర్రం మీద నుంచి రాలిపోయాడు.

పీడ విరగడైందని మీరు అనుకుంటారు. ఉదయార్కుడూ అలాగే అనుకున్నాడు. కానీ కింద పడిన గొంగళిని ఒక సిపాయి కళ్ళకద్దుకొని పైకెత్తాడు. పటాలం మళ్ళీ దాని వెనుక బారు తీరింది. ఏ మంత్రమూ లేదు, మాంత్రికుడూ లేడు. అయినా ఆగలేదు! ఇది రాస్తుంటే నాకు మళ్ళీ కడుపులో తిప్పుతోంది.

ఎర్రగుట్ట సరిగ్గా ఆ పటాలం వెనుకే ఉంది. వేరే దారి లేదు. హేమాంగదుడి నీడ అప్పటికే మూరెడైంది.

దండయ్య లేచాడు. ఉతికిన జెండా కర్రను చేతిలోకి తీసుకున్నాడు. అతడి పాదాల దగ్గరా రెండు నీడలున్నాయి. “వాళ్ళు నా పిల్లలు చిన్నదొరా. పేరు పేరునా ఎరుగుదును. మీరు నా వెనుకే రండి.”

“కాలుస్తారు దండయ్యా.”

“తెలుసు. మావాడు నా పక్కన ఉన్నంతసేపు నేను నడుస్తాను.”

“పలకరింపు దరువు,” అంది మేఘలేఖ హఠాత్తుగా. ఎండిన డోలును మెడకు తగిలించుకొని, తోలు మీద వేలితో తట్టి చూసింది. ఖంగున పలికింది. “ఆ దరువు వింటే వాళ్ళు ఏం చేస్తారో తెలుసుగా!”

ముగ్గురూ నీళ్ళలోకి దిగి ఒడ్డు వైపు నడిచారు. ముందు బారు తుపాకులు గురిపెట్టింది. మేఘలేఖ దరువు వేసింది. అలవాటు ఎంత గొప్పదో చూడండి: తుపాకులు అలాగే ఎత్తి ఉండగా, పటాలమంతా కళ్ళు మూసుకొని మెడలు ముందుకు చాచింది.

దండయ్య జెండాను వాళ్ళ ముక్కుల ముందు నుంచి మెల్లగా తిప్పుకుంటూ బారుల మధ్యకు నడిచాడు. ఉదయార్కుడు ఆ వెనుక, ఆ వెనుక మేఘలేఖ. పరుగెత్తితే దరువు తప్పుతుంది, కనుక నడవాలి. ఒక్కొక్క ముక్కూ పీలుస్తోంది. కుంకుడుకాయ వాసన. నుదుళ్ళు ముడతలు పడుతున్నాయి. ఏదో తప్పింది, ఏమిటో తెలియడం లేదు. “ఎర్రగా, మారెన్నా, కొమరా,” అంటూ దండయ్య ఒక్కొక్కడినీ పేరు పెట్టి మెల్లగా పిలుస్తున్నాడు. పొద్దు నడినెత్తికి ఎక్కింది. దండయ్య పాదం దగ్గరున్న వేలు లేని నీడ పలచబడింది. అతడు కిందికి చూడలేదు. గొంతు మాత్రం ఒక్కసారి ఆగి, మళ్ళీ పిలవసాగింది.

హేమాంగదుడి నీడ జానెడైంది.

బారులు అయిపోవచ్చాయి. గుట్ట కనబడుతోంది, గుహ ముందు సిద్ధుడు నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. అప్పుడు చిట్టచివర నిలబడిన ఒక సిపాయి కళ్ళు తెరిచాడు. ఎదురుగా రెపరెపలాడుతున్న లేతాకుపచ్చ పట్టును చూశాడు. తన చొక్కా చేతి మడత వంక చూసుకున్నాడు. మళ్ళీ జెండా వంక చూశాడు. రెండూ ఒకే రంగు. అది అతడికి స్పష్టంగా తెలిసింది, ముఖంలో కనబడింది.

తరువాత తుపాకిని దండయ్య రొమ్ముకు గురిపెట్టాడు.